సౌండు కార్డు కనిపించని ఆదివారం

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఒకామె తన తండ్రి కోసం సొంతంగా కంప్యూటరు కట్టింది. ఆయన లేత్ మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. గొంతులో కణితి తీసినప్పుడు డాక్టర్లు స్వరపేటిక కూడా తీసేశారు. అప్పటినుంచి ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపించేవాడు. పలకతో చిక్కేమిటంటే, అవతలివాళ్లు అటు తిరిగి ఉంటే మాట పలక మీదే ఉండిపోతుంది. ఆయన భార్య రోజులో చాలాసేపు స్టవ్ వైపు తిరిగే ఉండేది.

టైపు చేసినదాన్ని పైకి చదివే ప్రోగ్రాం, కంప్యూటరును ఉచితంగా నడిపే లినక్స్‌లో ఉందని కూతురికి తెలుసు. ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, రిపేరు షాపులో దొరికిన మదర్‌బోర్డుకు భాగాలు ఒక్కొక్కటీ బిగించింది. బోర్డులోని సౌండు చిప్పు ఎప్పుడో చచ్చిపోయింది కనుక విడిగా ఒక సౌండు కార్డు పెట్టింది. మీట నొక్కగానే తెర వెలిగింది, కీబోర్డు పనిచేసింది, నెట్ వచ్చింది. శబ్దం మాత్రం రాలేదు.

లోపల ఏమేం ఉన్నాయో చెప్పమని కమాండు కొట్టింది. ఎందుకు పనికొస్తాయో ఆమెకే తెలియని చిప్పుల పేర్లు కూడా లినక్స్ వరసగా చెప్పింది. సౌండు కార్డు ఊసెత్తలేదు. కార్డు ఊడదీసి, బోర్డులో దిగే దాని పళ్లు తుడిచి, మళ్లీ గట్టిగా నొక్కింది. ఊహూఁ. కార్డును నడిపే డ్రైవరు ప్రోగ్రాం ఎక్కించింది. కార్డే కనిపించకపోతే డ్రైవరు మాత్రం ఏం చేస్తుంది, అదీ ఊరికే కూర్చుంది.

తండ్రి పలక ఎత్తాడు. ‘కాఫీ తాగి చూడు.’

“కాఫీ తాగితే దానికి కార్డు కనిపిస్తుందా నాన్నా?”

‘నీకు తప్పు కనిపిస్తుందేమో’ అని రాశాడు.

“ఎందుకే అంత ఆయాసం? ఇప్పుడిప్పుడే ఇల్లు ప్రశాంతంగా ఉంది” అంది తల్లి. ఆ మాటకు ఆయన పెద్ద జవాబే రాశాడు. ఆవిడ అప్పటికే అటు తిరిగింది.

ఆసుపత్రిలో మిషను మొండికేస్తే కూతురు చేసే పని ఒకటుంది. అన్నీ ఊడదీసి, ఒక్కోటే తగిలిస్తూ రావడం. ఇక్కడా అదే చేసింది. లినక్స్ ఎక్కించిన, సన్నటి పట్టీలా ఉండే డిస్కును కూడా తీసేసి, పెన్‌డ్రైవుతో లినక్స్ నడిపింది. సౌండు కార్డు కనిపించింది. డిస్కు మళ్లీ పెట్టింది. కార్డు మాయం. తీసింది, వచ్చింది. ఆ రెండింటికీ బోర్డు ఒకే దారి ఇచ్చి, ఎవరో ఒకరే నడవమంటోందన్నమాట. డిస్కును పైన ఖాళీగా ఉన్న ఇంకో చోటికి మార్చింది. రెండూ కనిపించాయి.

“నాన్నా, మాట్లాడు.”

ఆయన ఒక వేలితో టైపు చేశాడు. “ఏ. మోయ్” అంది స్పీకరు, రైలు ఆలస్యంగా వస్తుందని చెప్పే గొంతుతో.

“రేడియో ఎవరు పెట్టారు?” అంది తల్లి వెనక్కి తిరక్కుండా.

ఆయన చెరిపేశాడు. అక్షరం మార్చాడు, చుక్క పెట్టాడు, తీశాడు. లేత్ మీద ఇంచు ఇనప ముక్కకు మెరుగు పెట్టేవాడి ముఖంతో ఆ ఒక్క మాటనే సానబట్టాడు. చివరికి “ఏమోఓయ్” అని వచ్చింది.

“ఆఁ, వస్తున్నా” అంది ఆవిడ. అన్నాక ఒక్క క్షణం ఆగింది. స్టవ్ ఆర్పి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది.

“ఏంటి?”

పిలవడం వరకే ఆలోచించుకున్నట్టున్నాడు. మళ్లీ ఒక వేలితో టైపు చేశాడు.

“ఏం. లేదు” అంది స్పీకరు.

“ఏం లేకపోతే పిలవడమెందుకండీ?” అంటూనే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లు పైటతో ఒత్తుకుంది. ఉల్లిపాయలు తరిగానంది. ఆ పూట కూరలో ఉల్లిపాయ లేదు.

సాయంత్రానికి కిటికీ ఎవరు తెరిచి వదిలేశారన్న దాని మీద ఇద్దరికీ గొడవైంది. గొంతున్న రోజుల్లో ఆవిడ ఆయన్ని ఒక్క మాటా పూర్తి చేయనిచ్చేది కాదు. ఇప్పుడు ఆయన టైపు చేయడం అయ్యేదాకా చేతులు కట్టుకుని ఆగింది, మొత్తం వింది, ఆ తర్వాతే తిట్టింది.