చేపల కత్తికి పిస్తోలు చెక్క

మా మామ దగ్గర పిస్తోళ్లు లేవు. వాటి పిడి చెక్కలు మాత్రం ఉండేవి. పిస్తోలు పిడికి ఇటొకటి అటొకటి మరమేకుతో బిగించే చెక్కలుంటాయి, వాటిని పోగేసినాడు. లైసెన్సు అడగని ఆయుధం అదొక్కటే. యుద్ధకాలంలో ఆయన కొలువు మిలిటరీ గోదాములో. పేలుడు శబ్దం విన్నది మా కోట ఊళ్లో పెళ్లి ఊరేగింపుల్లోనే.

చెక్క చేతికొస్తే ముందు తిరగేసేవాడు. "మొగం చూస్తే మోసపోతావురా, వీపు చూడు," అనేవాడు. పైన గళ్లగీతలు అరిగిపోయినా, లోపల పోత గుర్తులూ, మర పట్టే ఇత్తడి గూడూ అట్నే ఉంటాయట. ఈ సూత్రం పెళ్లిచూపుల్లో వాడొద్దని మా అత్త నాకు ముందే చెప్పింది.

ఆయన ప్రాణమంతా ఆఫీసర్ల రివాల్వరు తాలూకు, గట్టి రబ్బరుతో పోసిన నల్ల ఎబొనైటు చెక్క మీద. కుడిది ఉంది, ఎడమది లేదు. జత కలవకపోతే తనది ఒంటి చెప్పుల కొట్టే అని దిగులు.

నేను పి.యు.సి. తప్పి ఖాళీగా ఉన్న ఏడు, సంచి మోయడానికి పనికొస్తానని చేపలకు సముద్రపొడ్డుకు తీసుకుపోయినాడు. అక్కడొకామె వంజరం చేప కోస్తా ఉంది. మామ నిలబడిపోయినాడు. ఆమె కత్తి పిడికి ఒకవైపు తాటిచెక్క, రెండోవైపు నల్ల గళ్ల చెక్క.

"అమ్మా, ఆ కత్తి ఒకసారి ఇటియ్యి."

"చేప కొంటావా, కత్తి కొంటావా సామీ?"

మామ దాన్ని తెల్లపంచెతోనే తుడిచినాడు. "ఎడమదిరా," అన్నాడు నాతో. విన్నవాళ్లు తప్పిపోయిన కొడుకు దొరికినాడనుకోవాల.

యుద్ధంలో సిపాయిలు గుడారాలేసిన చోట అది వాళ్లాయనకు ఇసకలో దొరికిందట.

"దీని బదులు టేకు పిడి చేయిస్తా, ఇదియ్యమ్మా."

"టేకు జారతాది సామీ. తడిచేతికి ఈ గీతలే పట్టు. తాటిచెక్క పక్క అరచేతిలో తిరిగిపోయి, ఇదిగో." ఎడమచేతి వేలికి గుడ్డకట్టు చూపించింది. "ఇంతకీ దీన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తావు?"

మామ ఆలోచించినాడు. "చూస్తా ఉంటా," అన్నాడు.

నిజమే చెప్పినాడు. కానీ ఎండలో, చేపల మధ్య, ఆ మాటకు బలం చాల్లేదు.

మర్నాడు పొద్దున్నే కుడి చెక్క, సుత్తి, రాగి మేకులు సంచిలో వేసుకున్నాడు. బేరమాడబోతున్నాడనుకున్నా. పోయి ఆమె పక్కన గొంతుకూర్చుని, పిడికి రెండు చెక్కలూ ఊడదీసినాడు. ఎడమదీ తన కుడిదీ పక్కపక్కన పెట్టి వీపులు తిప్పినాడు. రెంటి మీదా ఒకే పోత గుర్తు.

"చూడరా," అన్నాడు మెల్లగా.

"అయిందా సామీ? చేప మెత్తబడతాది," అనిందామె.

మామ తాటిచెక్క పక్కన పడేసి, దాని చోట తన కుడి చెక్క పెట్టి, రెండూ మేకులతో బిగించి ఇచ్చినాడు. ఆమె కత్తిని ఒకసారి బిగించి పట్టుకుని, వంజరం తల ఒక్క వేటుకు దించి, ఆ తలకాయ మా సంచిలో వేసింది.

తర్వాత ఎవరైనా జత చూపించమంటే, మామ వాళ్లను సముద్రపొడ్డుకే తోలుకుపోయేవాడు. కత్తి తిప్పి చూపించమంటే ఆమె, "కొయ్యనీ సామీ, జనం నిలబడుండారు," అనేది. మామ బుద్ధిగా ఆ జనం వెనక నిలబడేవాడు.