బోర్లా పెట్టిన కొంగ బిళ్ళ

హాథర్స్‌బీ డ్రిల్ హాల్లో నెలకో ఆదివారం పాత సైనిక సామాను సంత జరుగుతుంది. తలుపు పక్కన టీ, బేకన్ రొట్టె అమ్మేది నేనే, ఎడ్నాని. ఎవడు ఎవడిని ముంచాడో, ఎవరి పెళ్ళాం ఎవరితో మాట్లాడటం మానేసిందో, అన్నీ నా కెటిల్ దగ్గరికే వచ్చి చేరతాయి. బెర్ట్ గ్లెడ్‌హిల్ సంగతి మాత్రం అలా చేరింది కాదు. నా కళ్ళముందే జరిగింది.

బెర్ట్ బస్సు కండక్టరుగా చేసి దిగిపోయాడు. సిపాయిలు టోపీకి తగిలించుకునే పటాలం బిళ్ళ ఏది చేతికిచ్చినా ముందు వెనక్కి తిప్పేవాడు.

"మొహం ఎన్ని అబద్ధాలైనా ఆడుతుందే ఎడ్నా. వీపుకి అంత తెలివి ఉండదు" అనేవాడు.

వీపు చూశాకే బిళ్ళమీది కిరీటం చూసేవాడు. గుమ్మటంలా గుండ్రంగా ఉంటే రాజుల కాలంది. నడుమ నొక్కుకుపోయి ఉంటే ఇప్పటి రాణిగారిది. మామూలుగా తెలుపూ పసుపూ కలిసి ఉండాల్సిన బిళ్ళ ఒట్టి ఇత్తడితో ఉంటే, మొదటి యుద్ధంలో తెల్లలోహం పొదుపు చేసినప్పటిది. సేకరించేవాళ్ళు వరసకట్టి చూపించుకునేవారు. దొంగ సరుకైతే ఆ మాట నోటితో అనేవాడు కాదు. బల్లమీద బోర్లా పెట్టి పక్కకి జరిగేవాడు. హాలంతా చూసేది. అమ్మేవాడు కిక్కురుమనకుండా దాన్ని జేబులో వేసుకునేవాడు. వెల్లకిలా పెట్టాడంటే ఇక కళ్ళుమూసుకుని కొనుక్కోవచ్చు.

బెర్ట్ కోటు కాలరు కాజాలో కూడా ఒక బిళ్ళ ఉండేది. మా ఊరి పటాలంది. ఒంటికాలిమీద కొంగ, పైన కిరీటం, అంతా ఇత్తడి. వాళ్ళ తాతయ్యది. తాతయ్య ఫ్రాన్సు బురదలోనే ఉండిపోయాడు, బిళ్ళ ఒక్కటే ఇంటికొచ్చింది. బ్యారక్సులో చేతివాటం ఎక్కువని ఆయన కిరీటం ఎడమ అంచున ఆకురాయితో చిన్న గాటు పెట్టుకున్నాడట. బెర్ట్ మాట్లాడుతూ మాట్లాడుతూ బొటనవేలితో ఆ గాటు తడుముకునేవాడు. ఇంట్లో పోయినవాళ్ళ బిళ్ళని ఎవరూ తిప్పి చూడరు, అది మా సంత మర్యాద. శవం జేబులు వెతికినట్టు ఉంటుంది. బెర్ట్ కూడా తనదాన్ని ఎప్పుడూ తిప్పలేదు.

ఒకసారి దాని వెనక నాలుక ఊడింది. కాజాలో దూర్చేది ఆ నాలుకనే.

"ఇలా ఇవ్వరా, టంకం పెట్టి ఇస్తాను" అన్నాడు సిరిల్ బూత్రాయిడ్.

సిరిల్ నీళ్ళ గొట్టాలు అతికే పనివాడు. బెర్ట్‌తో కలిసి బళ్ళో చదివాడు, బెర్ట్ పెళ్ళికి తోడు నిలబడ్డాడు. హాల్లో కిటికీ పక్క బల్ల అతనిదే. తెచ్చిన ప్రతి బిళ్ళా ముందు బెర్ట్‌కి చూపించేవాడు. బెర్ట్ వెల్లకిలా పెట్టాక ధర చెప్పేవాడు. టంకం పెట్టి తెచ్చి, తానే స్నేహితుడి కాలరుకి తొడిగి, భుజం తట్టాడు. ఆ రోజు ఇద్దరికీ టీ నేనే ఊరికే పోశాను.

మూడేళ్ళు గడిచాయి. ఒక నెల బెర్ట్‌కి జ్వరం తగిలి సంతకి రాలేదు. మళ్ళీ వచ్చిన ఆదివారం, హారొగేట్ నుంచి వచ్చినావిడ నా కౌంటరు దగ్గర అతన్ని పట్టుకుంది.

"గ్లెడ్‌హిల్ గారూ, ఇది ఏ కాలందో కాస్త చెబుతారా?"

కొంగ బిళ్ళ. బెర్ట్ వెనక్కి తిప్పాడు.

"అచ్చు కొట్టింది కాదమ్మా, పోత పోసింది. చూడండి, వీపంతా ఓట్సు జావలా పొక్కుల పొక్కులుగా ఉంది."

బోర్లా పెట్టబోతూ ఆగాడు. వెల్లకిలా తిప్పి కిరీటం ఎడమ అంచు తడిమాడు.

"ఎక్కడ కొన్నారు?"

"ఆ కిటికీ పక్కాయన దగ్గరే. పోయిన నెల, మీరు లేనప్పుడు. మీ స్నేహితుడేగా అని కొన్నాను."

నేను రొట్టె మీద వెన్న రాస్తూ ఆగిపోయాను. "నీ గాటేనా?" అన్నాను.

"మా తాత గాటే" అన్నాడు. "నా బిళ్ళ మీదే మూస తీశాడే, వెధవ."

అప్పటికి కోపమే. తర్వాత అతని మొహంలో ఇంకేదో వచ్చింది. కాలరులోంచి తన బిళ్ళ తీసి, ఆవిడ బిళ్ళతో అంచుకు అంచు ఆనించాడు. మూసలో పోసిన ఇత్తడి చల్లారితే వెంట్రుకవాసి ముడుచుకుపోతుందని నాకు చెప్పింది బెర్టే. అసలుదాని కంటే ఆవిడది చిన్నదిగా ఉండాలి.

రెండూ సరిగ్గా ఒకటే కొలత.

"తిప్పకు బెర్ట్" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

తిప్పాడు. పొక్కులు.

సిరిల్ తన బల్ల దగ్గర ఎవరికో కథ చెప్పి పగలబడి నవ్వుతున్నాడు. బెర్ట్ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. నేను చేతిలో కత్తితోనే వెనక వెళ్ళాను.

"ఏరా, జ్వరం తగ్గిందా?"

"మా తాతది ఎక్కడరా?"

సిరిల్ కళ్ళు ముందు ఖాళీ కాలరు మీదికి, తర్వాత నా కత్తి మీదికి వెళ్ళాయి.

"మెల్లగా మాట్లాడు, నలుగురూ వింటున్నారు."

"ఎక్కడరా?"

"ఒక బెల్జియం వాడు కొనుక్కుపోయాడు. ఇల్లు కారుతోంది, అప్పట్లో నా పరిస్థితి నీకేం తెలుసు..."

"ఇల్లు కారితే నన్ను అడగలేకపోయావా?"

"అడిగితే అమ్మేవాడివా? చాల్లేరా, ఎందుకంత రాద్ధాంతం? మూడేళ్ళు గుండెమీద పెట్టుకుని తిరిగావు. ఇంత తెలిసినవాడివి, నీకేమైనా తేడా తెలిసిందా?"

హాలంతా ఇటు తిరిగింది. బెర్ట్ చూపు బల్లమీదికి దిగింది. ఆ బల్లమీద బిళ్ళలన్నీ తాను వెల్లకిలా పెట్టినవే. వాటి నడుమ కాస్త చోటు చేసి, తాతయ్యదనుకున్నదాన్ని బోర్లా పెట్టాడు. వచ్చి నా కౌంటరు వెనక స్టూలు మీద కూలబడ్డాడు.

సిరిల్ దాన్ని జేబులో వేసుకోలేదు. వేసుకున్నా లాభం లేదు, అప్పటికే అందరూ చూసేశారు. కాసేపటికి అతని దగ్గర కొన్నవాళ్ళు ఒక్కొక్కరే తమ బిళ్ళలు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చారు. "మళ్ళీ ఒకసారి చూస్తావా బెర్ట్?" అన్నారు, అతని మొహం చూడకుండా. అన్నీ చూశాడు. కొన్ని బోర్లా పెట్టాల్సి వచ్చింది. సిరిల్ సరుకే కదా అని పైపైన చూసి, తానే మంచివని చెప్పినవి అవి.

నవంబరులో, యుద్ధంలో పోయినవాళ్ళని ఏటా తలుచుకునే రోజున, బెర్ట్ వాళ్ళ స్తూపం దగ్గర అదే కోటుతో నిలబడ్డాడు. కాలరు కాజా సాగిపోయి నోరు తెరుచుకుని ఉంది.

"ఇంటికి తీసుకురా, రెండు కుట్లు వేసిస్తాను" అన్నాను.

"వద్దే ఎడ్నా" అన్నాడు బొటనవేలు అందులో పెట్టి. "దీన్ని ఇంత సాగదీసింది అసలుదే."