కోర్టు గుమ్మం మీది పాలరాతి ముఖాలు

1982 వసంతంలో నన్ను ఒహాయోలోని ఒక పాత కౌంటీ కోర్టు భవనానికి పంపారు. రాతి కట్టడాల పరిరక్షణ చేసే సంస్థలో అప్పుడు నేను అసిస్టెంట్ కెమిస్టును. గుమ్మానికి రెండు పక్కలా పాలరాతిలో చెక్కిన స్త్రీ ముఖాలున్నాయి. చూరు కిందున్న ఎడమ ముఖం నల్లగా పెచ్చుకట్టింది. కుడివైపు చూరు ఎప్పుడో విరిగి వాన నేరుగా పడడంతో ఆ ముఖం తెల్లగా ఉంది.

బిల్డింగ్ సూపరింటెండెంట్ ఫ్రాంక్, యంత్రంతో కొట్టే ఇసుక జల్లుతో నల్లదాన్ని గీకించి తెల్లదానిలా చేయిద్దామన్నాడు. కాంట్రాక్టరు సోమవారం వస్తాడు. ఆ ముఖాలు చెక్కింది ఫ్రాంక్ తాతే. పాపం, ప్రేమతోనే పాడు చేయబోతున్నాడు.

ఆ ఊళ్ళో కమ్మే బొగ్గు పొగలోని గంధక వాయువు తేమతో కలిసి పాలరాతి పైపొరను జిప్సంగా మారుస్తుంది. వాన తగలని చోట ఆ జిప్సం మసిని పట్టుకుని పెచ్చుగా నిలుస్తుంది. వాన పడే చోట కరిగి కొట్టుకుపోతుంది, దాని వెంట రాయీ పోతుంది. కుడి ముఖాన్ని తాకి చూడమన్నాను. ఫ్రాంక్ వేలికి పంచదార పలుకుల్లా రాయి రాలింది. ఇన్నాళ్ళూ ఇదే బాగుందనుకున్నానని మెల్లగా అన్నాడు.

నల్ల పెచ్చు కింద రాయి గుల్లబారి ఉంటుంది. ఇసుక దెబ్బకు పెచ్చుతోపాటు కనురెప్పలూ పోతాయి. జిప్సం పాలరాయికంటే సులువుగా నీటిలో కరుగుతుంది కనుక, సన్నని తుంపర పట్టి, మెత్తబడ్డాక కుంచెతో తీయవచ్చని మా పై అధికారికి ఫోన్‌లో చెప్పాను. ముందు చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర పరీక్షించి చూడమన్నాడు.

ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ సరళ, "ఈ వీకెండ్‌కీ రారా? గోడకి నీళ్ళు కొట్టడానికి పీహెచ్‌డీ ఎందుకండీ? అడుగంటిన గిన్నె నేనూ అలాగే నానబెడతాను" అంది. పద్ధతి నిజంగా అదే. కాకపోతే ఈ గిన్నె పోతే మరొకటి దొరకదు.

శనివారమంతా చెవి వెనక తుంపర పట్టినా పెచ్చు కదల్లేదు. నాకు భయం పట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నానికి కుంచెకు నల్లటి బురద అంటింది. దాని కింద జుట్టు పాయ, దాని మీద ఉలి గీతలు కనిపించాయి. ఫ్రాంక్ నిచ్చెన ఎక్కి ఆ గీతల వెంట వేలు నడిపాడు. కిందికి దిగి, కాంట్రాక్టరుకు ఫోన్ చేసి రావద్దన్నాడు.

వేసవి ముగిసేసరికి ఎడమ ముఖమంతా బయటపడింది. కుడి ముఖానికి వానలో కరిగిపోయిన ముక్కు మాత్రం తిరిగి రాలేదు. అక్కడ చూరు కట్టించాం. కొన్నేళ్ళకు ఆ ఊళ్ళో పొగ కూడా తగ్గింది.

తర్వాత ఏ భవనానికి వెళ్ళినా నేను ముందుగా తాకి చూసింది శుభ్రంగా కనిపించే రాతినే.