పిడుగు రాయి చుట్టూ పెన్సిలు గీత

మా సోషల్ టీచరమ్మ పోయారని ఆవిడ ఊరు కోట నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఎండిపోయిన రొయ్యల గుంట గట్టు మీద కూర్చుని ఉన్నాను. లేవాలనుకున్నాను. కానీ ఈమధ్య ఏ కబురుకీ చప్పున లేవలేకపోతున్నాను.

నవీన శిలాయుగం పాఠం ఆవిడ పుస్తకంలోంచి చెప్పలేదు. తలా ఒక నల్లరాయి తెచ్చుకుని, బడి వెనక బండ మీద ఇసకా నీళ్లూ పోసి, గొడ్డలిలా పదును వచ్చేదాకా నూరమన్నారు. వారం నూరితే మా వేళ్లు అరిగాయి గానీ రాయి అరగలేదు. నాకు మొదటినుంచీ దొంగబుద్ధి కాస్త ఎక్కువ. మా అవ్వ దేవుడి గూట్లో నున్నటి పిడుగు రాయి ఒకటి ఉండేది. పిడుగుతో పాటు ఆకాశం నుంచి పడిందని ఆమె నమ్మకం. జడుసుకున్న పిల్లలకూ పాలివ్వని గేదెలకూ దాన్ని కడిగిన నీళ్లు తాపేది. అది పట్టుకొచ్చి, నేనే నూరానని చూపించాను.

టీచరమ్మ దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"బలే నూరినావే నాయనా. ఇది నూరి వేల ఏండ్లయ్యుంటాది. నీకు పదమూడే గదరా?"

క్లాసంతా గొల్లుమంది. ఆ సాయంత్రమే ఆవిడ నన్ను ముందు నడిపించుకుని మా ఇంటికి వచ్చారు. రాయి ఎక్కడ ఇమ్మంటారోనని అవ్వ భయం.

"ఇది ఇల్లు కదిలితే గొడ్డూ గోదా నిలవదు టీచరమ్మా. నన్నడగొద్దు."

ఆవిడ అడగలేదు. కాగితం పరిచి, రాయిని దాని మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీశారు. అప్పుడు కూడా అవ్వ వదల్లేదు, బొటనవేలితో రాయిని నొక్కిపట్టే ఉంచింది. పెన్సిలు ఆ వేలిని కూడా చుట్టి వచ్చింది.

"యాడ దొరికిందమ్మా?"

"మా పాటిదిబ్బలో, శెనిక్కాయలు పెరకతా ఉంటే."

పాటిదిబ్బ అంటే మా చేలో పాత కుండపెంకులు తేలే మిట్ట. ఆ మాట కాగితం మీద రాసుకుని, గడప దాటాక నాతో అన్నారు: "వేటకి పోయేవోడు రాయి పగలగొట్టుకుంటే చాలు. కూర్చోని ఇంత నున్నగా నూరినాడంటే, రేపు కూడా ఈడే ఉంటామని నమ్మినాడు నాయనా. గొడ్లు కట్టేసుకున్నాడు, గింజ దాచుకున్నాడు. ఆ నమ్మకమే పాఠం. మిగతాది పరీక్షకి రాసుకో."

పెద్దయ్యాక ఆ పాటిదిబ్బను నేనే తవ్వించాను, రొయ్యల గుంట కోసం. అప్పటికి ఆవిడ రిటైరయ్యారు. ఎవరు చెప్పారో, గొడుగేసుకుని బస్సు దిగి వచ్చారు. "ఎనిమిది రోజులు ఆపు నాయనా, చూసి రాసుకుంటా," అన్నారు. మిషను మళ్లీ దొరకదన్నాను. డ్రైవరు టీ తాగి వచ్చేంతసేపు మాత్రం ఆపాను. అంతలోనే ఆవిడ తవ్విపోసిన బూడిదరంగు మట్టిలోంచి పెంకులు ఏరి కొంగులో పోసుకున్నారు. తిడతారని ఎదురుచూశాను.

"అలిసిపోయి ఉండావు. పోయి అన్నం తిను," అన్నారు.

తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

రొయ్యలు నాలుగు పంటలు నిలిచాయి, తర్వాత తెగులు. ఇప్పుడు ఆ ఉప్పుకి గరిక కూడా మొలవదు. అవ్వ పోయాక రాయి నా చేతికొచ్చింది. అది టీచరమ్మ చేతిలో పెట్టి, తప్పయిందని చెప్పాలనుకున్నాను. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం అంటూ బద్ధకించాను. చివరికి రాయి జేబులో వేసుకుని ఆవిడ సమాధి దగ్గరికే వెళ్లాను.

అందరూ మట్టి వేస్తుంటే దాన్నీ వేసేద్దామనుకున్నాను. ఆ రాయి నూరిన కాలం వాళ్లు పోయినవాళ్లకి తోడుగా వస్తువులు పెట్టేవాళ్లని ఆవిడే చెప్పారు. కానీ దొరికిన చోటు రాయకుండా పూడిస్తే ఆవిడ ఊరుకోరు. ఉత్త ఇసకే వేశాను.

ఆవిడ ఇంటికి వెళ్తే వాళ్లమ్మాయి, నేను అక్కా అని పిలిచే ఆమె, ఒక చెప్పుల పెట్టె తెచ్చింది.

"అమ్మ నీకే ఇయ్యమనింది తమ్ముడూ. రాయి వాడికాడ ఉండాది, తెస్తాడు అంటా ఉండేది."

లోపల ఆ రోజు ఏరిన పెంకులు. ప్రతి పెంకుకీ ఒక చీటీ, ప్రతి చీటీ మీదా ఇప్పుడు లేని మా పాటిదిబ్బ పేరు. అడుగున రంగు మారిన ఆ పాత కాగితం.

రాయి తీసి గీతలో పెట్టాను. సరిగ్గా కూర్చుంది. పక్కన అవ్వ బొటనవేలంత చోటు ఖాళీగా మిగిలింది. అక్కడ నా వేలు ఆనించి, రాయిని నొక్కిపట్టి, అలాగే కూర్చుండిపోయాను.