వెర్మాంట్ ఓటుతో బాంగర్ దాకా

వృద్ధుల కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ దిగి ఆరూ నలభై ఐదుకి బయటపడ్డాను. ఏడుంబావు బస్సు ఇంగ్లండులోని మా మిల్టన్ కీన్స్ స్టేషన్ ముందు నుంచి లూటన్ ఎయిర్‌పోర్టుకి వెళ్తుంది. ఎవరైనా ఇదే దారిన వెళ్ళదలిస్తే నా సలహా ఒక్కటే: రాత్రంతా పనిచేసిన కాళ్ళతో మాత్రం వెళ్ళకండి. నాకు మరో సెలవు దొరకలేదు, రోజులు కూడా లేవు. హ్యాండ్‌బ్యాగులో ఒక ఓటు ఉంది. అది నాది కాదు, మార్గరెట్ అనే ఎనభై ఎనిమిదేళ్ళ అమెరికన్ పెద్దావిడది. దాన్ని దాదాపు పాడుచేసింది నేను.

ఎలాగో ముందు చెప్పాలి. మార్గరెట్‌ది వెర్మాంట్. పటంలో వేలితో వెతుక్కోవాల్సినంత చిన్న రాష్ట్రం. మనవాళ్ళెవరూ అటు వెళ్ళినట్టు వినలేదు. పెళ్ళయి ఇంగ్లండు వచ్చి యాభై ఏళ్ళు దాటినా, ప్రతి అధ్యక్ష ఎన్నికకీ తన ఊరి ఓటు పోస్టులో పంపుతూనే ఉంది. ఈసారి కూడా మా కేర్ హోమ్‌లోనే టిక్కు పెట్టి, కవరు అంటించి, పైన ఉన్న ధ్రువపత్రం గడిలో సంతకం చేసి, పోస్టు చేయమని నా చేతికిచ్చింది. ఆ సాయంత్రమే మేనకోడలు హెలెన్ వచ్చి ఆవిణ్ణి ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్ దగ్గర బాంగర్‌లోని తన ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

నేను ఒంగోలు దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. ఆరు ఎన్నికల్లో పోలింగ్ డ్యూటీ చేశాను. కవరు మీద సంతకం ఒక్కటే ఉండేసరికి నా ప్రాణం ఒప్పుకోలేదు. పోస్టల్ ఓటుకి గెజిటెడ్ ఆఫీసర్ సంతకం, ముద్ర లేకపోతే అది చెత్తబుట్టకేనని నాకు బాగా తెలుసు. ఇక్కడ గెజిటెడ్ ఆఫీసరు ఎక్కడ దొరుకుతాడు? మేనేజరుని బతిమాలి, కేర్ హోమ్ గుండ్రటి ముద్ర తీసుకుని, మన పద్ధతి ప్రకారం సంతకం మీద సగం, పక్కన సగం పడేట్టు గట్టిగా కొట్టాను. ఊదా సిరా. చాలా బాగా పడింది. పోస్టాఫీసు క్యూలో నిలబడి తృప్తిగా చూసుకుంటుంటే తెలిసింది, ముద్ర కింద సంతకం కనిపించడం లేదని.

వెర్మాంట్‌లో ఎన్నికలు నడిపేది ఊరి క్లర్కేనట. నేను ఫోన్ చేస్తే ఆవిడే ఎత్తింది. విషయమంతా వింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: "సాక్షి అక్కర్లేదమ్మా, ముద్రా అక్కర్లేదు. కానీ సంతకం కనబడకపోతే నేను ఆ కవరు పక్కన పెట్టాల్సి వస్తుంది. లోపలిది తెరవొద్దు. కొత్త ధ్రువపత్రం ప్రింటు తీసి, ఆవిడ చేత సంతకం చేయించి, జత చేసి పంపండి. ఎన్నిక రోజు పోలింగ్ ముగిసేలోపు నా బల్ల మీద ఉండాలి." పన్నెండు రోజులు మిగిలాయి. కవరుని బాంగర్‌కి పోస్టులో పంపొచ్చు. కానీ నా తప్పుని కూడా కవర్లో పెట్టి పంపేయడానికి మనసు రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే అనుకుంటూ టికెట్టు తీసుకున్నాను.

బస్సులో కిటికీ సీటు దొరికింది. పక్కన ఒకమ్మాయి, మెడలో ఎయిర్‌పోర్టు షాపు బ్యాడ్జి. నల్గొండ దగ్గర ఊరట, పేరు స్రవంతి, మాస్టర్స్ చదువుతూ వారానికి రెండు రోజులు పనికి పోతోంది. నేను బ్యాగుని రెండు చేతులా గుండెకి అదుముకుని కూర్చోవడం చూసి నవ్వింది.

"ఏమున్నది ఆంటీ దాంట్ల, బంగారమా?"

"ఓటు," అన్నాను. కవరు మడత పడకుండా, ఎప్పటినుంచో బ్యాగులో పడి ఉన్న, మన మునిసిపాలిటీ లాంటి కౌన్సిల్ వాళ్ళ పెద్ద కవర్లో దాన్ని దోపి పెట్టాను. బ్యాగు కొంచెం తెరిచి చూపించేసరికి ఆ అమ్మాయి కళ్ళు ఆ కౌన్సిల్ కవరు మీద పడ్డాయి.

"గిది ఓటు రాయించుకునే ఫారం గద ఆంటీ. ఇంక నింపలే?"

"మనకెందుకు ఉంటుందమ్మా? మనది ఇండియా పాస్‌పోర్టు."

"ఉంటది ఆంటీ. ఇండియా పాస్‌పోర్టు ఉన్నా ఈడ ఓటేయొచ్చు. నేను మొన్న ఏసిన. పెన్సిల్ తాడుతోని కట్టి పెట్టిన్రు, దాంతోనే ఏసిన."

"పెన్సిలా?" అన్నాను. రబ్బరుతో చెరిపేస్తే దిక్కెవరు? ఆరు ఎన్నికలు నడిపినదానికి ఈ పిల్ల ఎన్నికల పాఠం చెబుతోందేమిటని లోపల కొంచెం చురుక్కుమంది. మాట మార్చి కళ్ళు మూసుకున్నాను. ఎనిమిదింబావుకి ఎయిర్‌పోర్టు వచ్చింది. ఆ అమ్మాయి నన్ను తట్టి లేపి, తన దారిన పోయింది.

సెక్యూరిటీలో బ్యాగుని ట్రేలో పెట్టమన్నారు. పోలింగ్ సామాన్లు చేతిలోంచి దించకూడదన్నది నా నరాల్లో ఉంది. ట్రే సొరంగంలోకి పోయి అవతల తేలేదాకా ఊపిరి తీసుకోలేదు. లోపల టీ, ఒక చీజ్ శాండ్‌విచ్ కొన్నాను. రెండూ ఒకే రుచి. పదీ ఐదు విమానం పావుగంట ఆలస్యంగా లేచింది. ప్రయాణం గంటా పావు, అందులో గంట నిద్రపోయాను. అవతల మూడు వందల నంబరు బస్సెక్కితే బెల్‌ఫాస్ట్ నడిబొడ్డుకి నలభై నిమిషాలు. సన్నటి వాన. అక్కడి నుంచి బాంగర్ రైలు. ఎడమవైపు కూర్చుంటే నీళ్ళు కనిపిస్తాయని ఎదురు సీటాయన చెప్పాడు. కూర్చున్నాను. కనిపించాయి. బూడిద రంగు ఆకాశానికీ వాటికీ తేడా పోల్చుకునే ఓపిక లేదు.

ఒంటిగంటా నలభైకి బాంగర్ స్టేషన్‌లో దిగి, పావుగంట నడిచి హెలెన్ ఇల్లు చేరాను. తలుపు తీసిన హెలెన్ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"దీన్ని పోస్టులో పంపితే సరిపోయేది కదా."

"సరిపోయేదే," అన్నాను.

మార్గరెట్ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కవరు ఒళ్ళో పెట్టి, ముద్ర చూపించి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. దారంతా కూడబెట్టుకున్న ఇంగ్లీషు వాక్యాలు ఒక్కటీ సమయానికి రాలేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం వచ్చాయి. ఆవిడ కవరుని ముక్కు దగ్గరకు తెచ్చుకుని ఊదా గుండ్రాన్ని చాలాసేపు చూసింది.

"మా నాన్నకి నువ్వు నచ్చేదానివి," అంది.

ఆవిడ తండ్రి ఆ ఊరి ఓట్లు లెక్కపెట్టేవాడు. వెర్మాంట్ సంగతి ఆవిడ నాకు స్నానం చేయిస్తున్నప్పుడల్లా కొంచెం కొంచెం చెప్పింది. వందేళ్ళకు పైగా ఆ రాష్ట్రం అధ్యక్ష ఎన్నికల్లో ఒకే పార్టీకి ఓటేసిందట. దేశమంతా నాలుగుసార్లు గెలిపించిన మనిషిని నాలుగుసార్లూ కాదన్నవి రెండే రాష్ట్రాలట, అందులో వీళ్ళది ఒకటి. పంతొమ్మిది వందల అరవై నాలుగులో మొదటిసారి అవతలి పార్టీ వైపు మొగ్గింది. ఆ రాత్రి తండ్రి చెక్క పెట్టెలోని ఓట్లు మూడుసార్లు లెక్కపెట్టి, ఇంటికొచ్చి కోటు విప్పకుండానే కూర్చుని, లెక్కలో ఎక్కడో తప్పుందన్నాడట.

"తప్పు లేదు నాన్నా, అందులో నాదొకటి ఉంది అని చెప్పలేకపోయాను," అంది మార్గరెట్. "ఆ తర్వాత ఆరుసార్లు మళ్ళీ పాత పార్టీయే. అన్నిసార్లూ నేను ఓడిపోయిన వైపే. తొంభై రెండు నుంచి మా వైపే గెలుస్తోంది. అప్పుడు నా ఓటు ఎందుకూ చాలేది కాదు, ఇప్పుడు నా ఓటు ఎవరికీ అక్కర్లేదు. అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు మా రాష్ట్రానికి ఉన్నవే మూడు. అయినా వేస్తాను. నేను ఇంకా ఆ ఊరి మనిషిననడానికి నా దగ్గర మిగిలింది అదొక్కటే."

ప్రింటు తీసి తెచ్చిన కొత్త ధ్రువపత్రం కింద గట్టి పుస్తకం పెట్టాను. ఆవిడ సంతకానికి చాలాసేపు పట్టింది. మొదటి అక్షరం గీత దాటి కిందికి జారింది. మిగతావి నిలబడ్డాయి. అయ్యాక కలం మూసి, "నీ ముద్ర తెచ్చావా?" అంది. హెలెన్ కూడా నవ్వింది. నాకే నవ్వు రాలేదు.

"నువ్వు ఎన్నిసార్లు ఓటేశావు?" అనడిగింది మార్గరెట్.

"ఆరు ఎన్నికలు నడిపాను."

"వేసింది అడిగాను."

ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. డ్యూటీ ఎప్పుడూ వేరే మండలంలో పడేది. అయిదుసార్లు పోస్టల్ ఓటు కాగితాలు అందనే లేదు. ఒకసారి అందాయి. డ్యూటీ హడావుడిలో గెజిటెడ్ ఆఫీసరు దొరకక, నా సంతకం ఒక్కటే పెట్టి పంపాను. ముద్ర లేదని తీసేశారని తర్వాత తెలిసింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, వేలమంది వేళ్ళకి సిరా పూయించిన నా వేలికి సిరా లేదు. ఈ మాట నా భర్తకి కూడా చెప్పలేదు, సిగ్గేసి. ఆవిడకి చెప్పాను.

"అందుకా నాకంత గట్టిగా ముద్ర కొట్టావు," అంది మార్గరెట్. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత హెలెన్‌తో ఈవిడకి తిండి పెట్టు అంది. బంగాళాదుంప సూపు, రొట్టె పెట్టారు. ఆ రోజు నేను తిన్న అన్నమంటూ ఉంటే అదే అనుకోండి.

మూడున్నరకి బాంగర్‌లోనే కొరియరు కౌంటర్లో కవరు ఇచ్చి, రసీదు తీసుకున్నాను. ఉత్కంఠలో పెట్టడం నాకు చాతకాదు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను: అది ఎన్నికకి నాలుగు రోజుల ముందే చేరింది. సంతకం స్పష్టంగా ఉందని, లెక్కలో కలుస్తుందని క్లర్కు ఫోనులో చెప్పింది. కానీ ఆ సాయంత్రం నాకది తెలియదు. ఖాళీ అయిన బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను, మళ్ళీ మూడు వందల నంబరు బస్సెక్కాను. పొద్దున వెళ్ళిన దారే, వాన కూడా అదే. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. మర్నాడు డ్యూటీ పట్టికలో మళ్ళీ నైటే.

రాత్రి ఏడుంబావు విమానంలో నిద్ర పట్టలేదు. బ్యాగులో ఓటు పోయింది గానీ కౌన్సిల్ కవరు మిగిలింది. లోపలి ఫారం తీశాను. ఏ దేశస్థులని అడిగిన చోట ఇండియా అని రాయొచ్చా అన్న అనుమానంతో దాని వెనకున్న చిన్న అక్షరాలు చదివాను. ఇండియా లాంటి కామన్వెల్త్ దేశాల వాళ్ళకీ ఓటుందని అక్కడే రాసి ఉంది. నల్గొండ పిల్ల చెప్పింది నిజమే. పక్కసీటాయన్ని కలం అడిగి పేరు, చిరునామా రాసి, సంతకం చేశాను. తర్వాత అలవాటు కొద్దీ పక్కన చూశాను, కింద చూశాను, కాగితం తిప్పి కూడా చూశాను. ముద్ర కొట్టడానికి ఎక్కడా గడి లేదు. నేను నేనేనని ఇంకెవరూ చెప్పనక్కర్లేదట. నా సంతకం చాలట.