నీళ్ళలో ఫోటోకు కొన్న ఫ్లాష్

బీరువా సర్దుతుంటే పాత ఫ్లాష్ చేతికి తగిలింది. బ్యాటరీలు వేసి మీట నొక్కాను. చెవిలో జోరీగలాగా సన్నగా కూత పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఈ కూత వింటూ పెళ్ళిళ్ళలో నిలబడి నా నడుము పడిపోయింది. విసుగ్గానే ఉంది, అయినా ఆపబుద్ధి కాలేదు. ఆత్మకూరు బస్టాండు దగ్గర స్టూడియో నడిపిన రూతమ్మక్క గుర్తొచ్చింది.

భర్త పోయాక ఒంటిచేత్తో ఆ స్టూడియో నడిపిన మనిషి. నేను ఆమె దగ్గర పనికి చేరేనాటికే పెళ్ళై ఇద్దరు పిల్లలున్నవాణ్ణి. మాకు సొంత ఫ్లాష్ ఉండేది కాదు, పెళ్ళిళ్ళకు అద్దెకు తెచ్చేవాళ్ళం. తొంభైల మధ్యలో ఒకరోజు ఉదయగిరి నుంచి అక్క వాళ్ళ నాయన వచ్చాడు. గొర్రెలు కాసుకునే మనిషి, జబ్బుతో చిక్కి సగమయ్యాడు. అక్క పెళ్ళితో క్రైస్తవంలోకి వచ్చింది గానీ ఆయన రాలేదు.

“నేనూ బాప్తిస్మం తీసుకోని మునుగుతానమ్మా. చచ్చినాక నీకో మట్టి, నాకో మట్టి ఎందుకు?” అన్నాడు.

ఆయన వెళ్ళాక అక్క కెమెరా తీసి తుడుస్తూ కూచుంది. తర్వాత, “నీళ్ళ లోపల ఉండేటప్పుడు నాయన మొహం తీయాలరా. నేను మునిగినప్పుడు శానా భయపడినాను. ఆయనెట్లుంటాడో చూడాల” అంది. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానన్నట్టుందని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ ముసలాయన మునిగేది ఒక్కసారే.

కెమెరాకు చేపల తొట్టి సరిపోయింది. అందులో పెట్టి, పైభాగం తడవకుండా తొట్టిని నీళ్ళలోకి అదిమితే లోపలిదంతా అద్దంలోంచి కనబడుతుంది. ఫ్లాష్ దగ్గరే చిక్కంతా. అక్క నెల్లూరులో బాగా వెలుతురిచ్చే పెద్దది కొనుక్కొచ్చింది. దాన్ని కెమెరా మీదే బిగించి, సంగం కాలవలో నన్ను ముంచి తీసింది. ఫిల్ము కడిగి చూస్తే నా మొహం లేదు, అంతా సున్నం చల్లినట్టు తెల్లటి చుక్కలు. అక్క నీరసంగా స్టూలు మీద కూలబడింది.

“వెలుతురు చాలక కాదురా. ఎదురుగా కొడతా ఉండాం. నీళ్ళల్లో మట్టి మెరిసి మనిషిని మింగేస్తా ఉండాది.”

మర్నాడే దాన్ని వాపసిచ్చి, పొడుగు వైరున్న ఈ చిన్నదాన్ని తెచ్చింది. కర్రకు కట్టి నీళ్ళపైన పక్కనుంచి వెలిగిస్తే నా మీసం కూడా తెలిసింది.

బాప్తిస్మం నాడు సంగం దగ్గర పెన్నలో అందరం రొమ్ములోతున దిగాం. పాస్టరుగారు భుజం పట్టుకోగానే ముసలాయన వణికిపోయాడు. “అమ్మా, ఆ పెట్టె ఎవరికన్నా ఇయ్యి. నువ్వు పట్టుకో నన్ను” అన్నాడు.

అక్క తొట్టి నా చేతుల్లో పెట్టేసింది. నా చేతిలోని ఫ్లాష్ కర్రను సంఘపెద్దకు అందించాను. ముసలాయన మునిగాడు. నొక్కాను.

ఫోటో వచ్చింది. ముడుచుకున్న కళ్ళు, బిగించిన నోరు, మెడ కింద నరాలు తేలిన అక్క చెయ్యి.

“భయపడినాడా అక్కా?” అన్నాను.

“భయపడినాడు. పట్టుకోకుంటే ఇంకా భయపడేవోడు” అని, ఫోటోను వెలుతురుకేసి తిప్పింది. “నా చెయ్యి ఇంత ముసిలిదైపోయిందేందిరా?”

ముసలాయన పోయిన కొన్నేళ్ళకు ఆమె కూడా పోయింది. శవపెట్టె మీద పెట్టడానికి ఫోటో కావాలన్నారు. స్టూడియో అంతా వెతికాను. ఊళ్ళో సగం మంది మొహాలున్నాయి, ఆమెది ఒక్కటీ లేదు. ఆ చెయ్యి తప్ప. ఆ రోజు ఏడ్చినట్టు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. వాళ్ళ నాయన పక్కనే ఆమెనూ మట్టిచేసి వచ్చాం.

అప్పటినుంచి ఏ ఇంటికి పెళ్ళి ఫోటోలకు వెళ్ళినా, అందరూ ఫోటోకు నిలబడ్డాక వంటింట్లోకి ఒకసారి తొంగి చూస్తాను. పనిలో ఉండిపోయిన ఆడమనిషి ఎవరో ఒకరు ఉంటారు. “ఇప్పుడెందుకయ్యా, చీర కూడా బాగలేదు” అంటారు. అప్పటికి నాకూ ఓపిక ఉండదు. అయినా పిలిచి నిలబెడతాను.