గుంపెన చెట్టుకి వచ్చిన చుట్టాలు

నరసన్నపేట దగ్గర మా మేనత్త బుల్లమ్మ ఇంటికి వెళ్ళినవాళ్ళు తినకుండా బయటపడడం కల్ల. కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడి చేతిలోనూ గారె పెడుతుంది. వద్దంటే అలుగుతుంది. ఆవిడ అలిగితే వీధంతా వినాల్సిందే.

మొన్న వానాకాలంలో, కంచెకి రాటలు కావాలని కొండబాబు మావయ్య పెరట్లో గుంపెన చెట్టెక్కాడు. కొమ్మల నిండా బొటనవేలంత లావున పచ్చటి పురుగులు, ఆకులు కరకరా నమిలేస్తున్నాయి.

"మందు కొట్టి, కొమ్మలు నరికేత్తాను," అన్నాడు.

"సాల్లే, దిగు! తింటన్నోళ్ళని కంచం కాడి నుంచి లేపుతారేటి?" అంది అత్త.

మావయ్య సణుక్కుంటూ దిగి, వెదురుతో కంచె వేసుకున్నాడు. పురుగులు తినీ తినీ ఆకులు చుట్టుకుని, గూళ్ళు కట్టుకుని పడుకున్నాయి. గాలికి రాలిన గూడొకటి అత్త చేటలో పెట్టి వసారాలో ఉంచింది. ఒక ఉదయం అందులోంచి అరచేతి కన్నా పెద్ద రెక్కలపురుగు బయటికొచ్చింది. లేత తమలపాకు రంగు, వెనక పొడుగాటి తోకలు. ఇంగ్లీషులో మూన్ మాత్ అంటారు. మా వైపు ఈమధ్య కనబడడమే గగనమైపోయింది.

అత్త బెల్లం నీళ్ళు పెట్టింది. అరటిపండు పెట్టింది. అది ముట్టలేదు. మర్నాడు నాకు ఫోన్ చేసింది.

"యమునా, ఏటెట్టినా తినదేటే ఇది? నా ఇంట్లో ఆకలితో సచ్చిపోతాదేటే!"

ఏడుస్తోంది. నవ్వబోయినదాన్ని ఆ గొంతు విని ఆగిపోయాను. బడిలో సైన్సు చెప్పేదాన్ని కదా, సెలవు పెట్టి వెళ్ళాను.

"అత్తా, దీనికి తినే నోరే లేదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దీని బతుక్కంతా తిండి."

"అయితే తిన్నదంతా మన సెట్టు మీదేనా?"

"మన చెట్టు మీదే."

"కడుపునిండా తిన్నాదా?"

"లేకపోతే అంతేసి రెక్కలెలా వస్తాయి?"

అత్త మొహం విచ్చుకుంది. ఆ బెల్లం నీళ్ళు నాచేత తాగించిందాకా వదల్లేదు.

ఆ రాత్రి దానికోసం మగపురుగు వచ్చిపోయినట్టుంది. మర్నాడు సాయంత్రం, అరసవల్లిలో పెళ్ళికని దండెం మీద ఆరేసుకున్న మావయ్య కొత్త తువ్వాలు నిండా గుడ్లు పెట్టేసింది. ఆయన దులిపేస్తాడని గబగబా అడ్డం వెళ్ళాను.

"తప్పుకోవే," అన్నాడు. తువ్వాలు మెల్లగా తీసి, తీసుకెళ్ళి గుంపెన కొమ్మకి కట్టాడు. "పిల్లలు కళ్ళు తెరిసేతలికి అన్నం దగ్గిరుండాల."

ఉత్త భుజంతోనే పెళ్ళికి బయల్దేరాడు.